బొటానికల్ గార్డెన్ సైన్స్ ఫెస్టివల్‌లో వేసవి ఇంటర్న్‌గా పనిచేయాలంటే

బొటానికల్ గార్డెన్‌కి వచ్చేవాళ్లలో ఎక్కువమంది చెట్ల నీడన నడుస్తారు, ఫొటోలు దిగుతారు, వెళ్లిపోతారు. మొక్క పక్కనున్న పేరు పలక చదివేవాళ్లే తక్కువ. వేసవిలో సైన్స్ ఫెస్టివల్ జరిగే రోజుల్లో మాత్రం అదే తోటలో జనం ఒక ఆకు దగ్గర ఆగుతారు, వంగి చూస్తారు, ప్రశ్నలడుగుతారు. వాళ్లను ఆపేది అక్కడ టేబుల్ వెనక నిలబడ్డ వాలంటీరో, ఇంటర్నో. ఆ పని మీరు చేయాలనుకుంటే ఎక్కడ మొదలుపెట్టాలి, ఏం సిద్ధం చేసుకోవాలి, ఆ రోజున ఎలా మాట్లాడాలి అన్నది వరసగా చెబుతాను.

వృక్షశాస్త్రంలో డిగ్రీ ఉండాలనేం లేదు. డిగ్రీ ఉన్నవాళ్లంతా ఈ పని బాగా చేస్తారనీ లేదు. ఒక మొక్కను ఓపికగా చూడగలగాలి, మీకు కనిపించింది ఎదుటివాళ్లకూ కనిపించేలా చేయగలగాలి. మిగతాదంతా నేర్చుకోవచ్చు.

వాలంటీర్లు సాధారణంగా ఫెస్టివల్ రోజుల్లో వచ్చి సాయం చేస్తారు. ఇంటర్న్‌లు కొన్ని వారాల ముందు నుంచే తోటలో ఉంటారు. ప్రదర్శనలు తయారుచేయడం, సామాను సమకూర్చడం, వాలంటీర్లకు నేర్పడం, అంతా అయ్యాక సర్దడం వాళ్ల పని. జీతం లేకపోయినా బాధ్యత మాత్రం ఉద్యోగంతో సమానం. ఆ లెక్కనే సిద్ధపడండి.

ముందు మామూలు సందర్శకుడిలా వెళ్లి రండి

దరఖాస్తు పంపేముందు ఆ తోటలో ఒక పూట గడపండి. చేతిలో నోటుబుక్కు ఉంచుకోండి. జనం తమంతట తామే ఎక్కడ ఆగుతున్నారు? గాజు గృహం ఉందా? ఎండు మొక్కల నమూనాలు దాచే హెర్బేరియం ఉందా? విత్తన బ్యాంకు గానీ ప్రయోగశాల గానీ ఉందా? మధ్యాహ్నం నీడ ఎక్కడ పడుతోంది, కుళాయి ఎంత దూరంలో ఉంది? ఇవి చిన్న విషయాల్లా కనిపిస్తాయి గానీ, స్టాల్ ఎక్కడ పెట్టాలన్న చర్చ వచ్చినప్పుడు వీటికి జవాబు చెప్పగలిగిన ఇంటర్న్ మాటకు విలువుంటుంది.

పార్కుకీ బొటానికల్ గార్డెన్‌కీ తేడా మొక్కల సంఖ్యలో లేదు, రికార్డుల్లో ఉంది. ఏ మొక్క ఎక్కడి నుంచి వచ్చిందో, ఎవరు తెచ్చారో, ఎప్పుడు నాటారో ఇక్కడ రాసి ఉంచుతారు. ఇటలీలోని పాడువా విశ్వవిద్యాలయం 1545లో తన తోటను ఏర్పాటు చేసింది, వైద్యం చదివేవాళ్లు అసలు మూలికకూ దాన్ని పోలిన వేరే మొక్కకూ తేడా కళ్లారా చూసి నేర్చుకోవాలని. ఆ తోట ఇప్పటికీ అదే చోట ఉంది. లండన్‌లోని క్యూ గార్డెన్స్ 1759లో మొదలైంది. అడవి మొక్కల విత్తనాలను గడ్డకట్టే చలిలో దాచే దాని మిలీనియం విత్తన బ్యాంకు 2000లో తెరుచుకుంది. చదువూ పరిశోధనా ఈ తోటల పుట్టుకలోనే ఉన్నాయి. మీరు వెళ్లబోయే తోట చిన్నదే కావచ్చు, అక్కడ ఎవరో ఒకరు ఏదో ఒక మొక్క మీద పనిచేస్తూనే ఉంటారు. వాళ్లెవరో కనుక్కోండి. ఫెస్టివల్‌లో మీరు చూపించబోయేది చాలావరకు వాళ్ల పనే.

దరఖాస్తు, ఒప్పుకునేముందు అడగాల్సినవి

చాలా తోటలు వేసవికి కొన్ని నెలల ముందే ఎంపిక పూర్తిచేస్తాయి. సెలవులు మొదలయ్యాక వెతికితే ఖాళీలు దొరకడం కష్టం. దరఖాస్తులో "నాకు ప్రకృతి అంటే చాలా ఇష్టం" అని అందరూ రాస్తారు. మీరు చేయగలిగినవి రాయండి: ఎన్ని భాషలు మాట్లాడగలరు, మైక్రోస్కోప్ వాడగలరా, బొమ్మలు వేయగలరా, సంజ్ఞా భాష వచ్చా, పిల్లలకు ఎప్పుడైనా ఏదైనా నేర్పారా. దానికి తోడు, ఆ తోటలో మీరు చూసిన ఒక మొక్క పేరు చెప్పి, దాని దగ్గర సందర్శకులను మీరు ఏ ప్రశ్న అడుగుతారో రెండు వాక్యాల్లో రాయండి. మార్కుల జాబితా కంటే ఆ రెండు వాక్యాలే మీ గురించి ఎక్కువ చెబుతాయని నా నమ్మకం.

ఒప్పుకునేముందు కొన్ని సంగతులు రాతపూర్వకంగా తెలుసుకోండి. మీ పని చూసే అధికారి ఎవరు, వారానికి ఎన్ని గంటలు, ప్రయాణ ఖర్చులు ఇస్తారా, పని చేసేటప్పుడు గాయమైతే బీమా వర్తిస్తుందా, వయసు పరిమితి ఏమిటి. 18 ఏళ్లు నిండకపోతే తల్లిదండ్రుల అంగీకార పత్రం అడుగుతారు. పిల్లలతో పని కాబట్టి చాలా దేశాల్లో పెద్దవాళ్లకు నేర చరిత్ర పరిశీలన కూడా ఉంటుంది. దానికి వారాలు పట్టొచ్చు కాబట్టి కాగితాలు తొందరగా ఇచ్చేయండి.

మొదటి వారం: పలకలు చదవడం నేర్చుకోండి

చేరిన వెంటనే ప్రయోగాలు మొదలుపెట్టాలనిపిస్తుంది. ఆగండి. మొదటి వారం తోటమాలుల వెంట తిరగండి. కలుపు తీయమంటే తీయండి, కుండీలు మోయమంటే మోయండి. ఏ మొక్క ముట్టుకుంటే దురద పెడుతుందో, ఏది ఈ నెలలో పూస్తుందో, ఏ కొమ్మ ఎండిపోబోతోందో వాళ్లకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

పేరు పలకలను జాగ్రత్తగా చదవండి. రెండు పదాల శాస్త్రీయ నామంలో మొదటిది ప్రజాతి, రెండోది జాతిని చెప్పేది. 1753లో స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లినేయస్ స్థిరపరిచిన పద్ధతే ప్రపంచమంతా ఇప్పటికీ నడుస్తోంది. దాంతోపాటు కుటుంబం పేరు, సహజంగా పెరిగే ప్రాంతం ఉంటాయి. ఒక మూల చిన్న అంకెల వరస కూడా కనిపిస్తుంది. అది అక్సెషన్ నంబర్, అంటే తోట రికార్డుల్లో ఆ మొక్క నమోదు సంఖ్య. చాలా తోటల్లో మొదటి నాలుగంకెలు ఆ మొక్క తోటకు వచ్చిన సంవత్సరం, తర్వాతవి ఆ ఏడాది వచ్చినవాటిలో దాని వరస సంఖ్య. ఆ నంబరుతో రికార్డు తీస్తే విత్తనం సేకరించిన కొండ పేరు కూడా దొరకొచ్చు.

నేల మీద పడిపోయిన పలక కనిపిస్తే దగ్గర్లో ఉన్న మొక్కకు గుచ్చేయకండి. అది ఏ మొక్కదో మీకు కచ్చితంగా తెలియదు. తప్పు మొక్క పక్కన చేరిన పలక వల్ల అసలు మొక్క తన చరిత్రంతా పోగొట్టుకుంటుంది, పరిశోధనకు పనికిరాకుండా పోతుంది. పడిన చోటు గుర్తుపెట్టుకుని పలకను తోటమాలికి ఇవ్వండి. ఫెస్టివల్ రోజున పిల్లలు సరదాగా పలకలు పీకుతుంటారు కాబట్టి ఈ సంగతి వాలంటీర్లందరికీ ముందే చెప్పి ఉంచండి.

ఒక టేబుల్, ఒక ప్రశ్న

కొత్త ఇంటర్న్‌లు ఒకే టేబుల్ మీద కిరణజన్య సంయోగక్రియ, పరాగ సంపర్కం, వాతావరణ మార్పు అన్నీ పెట్టాలని చూస్తారు. సందర్శకుడు మీ దగ్గర నిలబడేది మూడు నాలుగు నిమిషాలు. అందులో ఒక ప్రశ్నకు మాత్రమే చోటుంది. ఆ ప్రశ్న ఎలా ఉండాలంటే, జవాబు మీ నోటి నుంచి కాకుండా టేబుల్ మీదున్న వస్తువు నుంచి రావాలి. "పత్రరంధ్రాలంటే ఏమిటో తెలుసా?" అని అడిగితే తెలియనివాళ్లు మొహమాటపడి పక్కకు జరిగిపోతారు. "ఈ ఆకులోకి గాలి పైనుంచి వెళ్తుందా, కిందనుంచా? ఏదనుకుంటున్నారు?" అని అడిగితే ప్రతి ఒక్కరూ ఏదో ఒకటి ఊహిస్తారు. ఊహించినవాళ్లు జవాబు చూడకుండా కదలరు.

మొదటి ఏడాది ఇంటర్న్‌లకు నేనెప్పుడూ సిఫారసు చేసేది ఈ ప్రదర్శనే. ఖర్చు తక్కువ, ఏ తోటలోనైనా కుదురుతుంది, ఆరేళ్ల పిల్ల నుంచి రిటైరైన ప్రొఫెసర్ దాకా అందరికీ అందులో కొత్తది దొరుకుతుంది. అందుకే దీన్ని వివరంగా చెబుతాను.

ఆకు అచ్చు తీయడం

కావలసినవి: రంగులేని నెయిల్ పాలిష్, వెడల్పాటి పారదర్శక టేపు, గాజు స్లైడ్లు, కత్తెర, 100, 400 రెట్లు పెద్దది చేసి చూపే మైక్రోస్కోప్. ఆకులు మాత్రం మీరే తెంపకండి. కత్తిరింపులు ఏ రోజు ఉంటాయో తోటమాలిని అడిగి, ఆ కొమ్మల నుంచి తీసుకోండి. నున్నగా, నూగు లేకుండా ఉన్న ఆకులు ఎంచుకోండి. నూగు ఉంటే పాలిష్ వెంట్రుకలకు పట్టుకుంటుంది, అచ్చు సరిగా రాదు.

ఆకు అడుగువైపు, ఈనెలకు మధ్యనున్న చోట, బొటనవేలి గోరంత మేర పాలిష్ పలుచగా ఒక్కసారి రాయండి. మందంగా రాస్తే ఎండదు, ఎండినా పైకి లేవదు. పది నిమిషాలు ఆరనివ్వండి. వేలితో ముట్టుకుంటే అంటుకోకూడదు. టేపు ముక్క దాని మీద అద్ది, గట్టిగా నొక్కి, ఒక మూల నుంచి నెమ్మదిగా లాగితే పాలిష్ పొర టేపుతో పాటు ఊడి వస్తుంది. దాన్ని స్లైడు మీద అతికించండి. అదే ఆకు పైవైపు నుంచి కూడా ఇలాగే ఒక అచ్చు తీసి రెండో స్లైడు చేయండి. ఏది ఏ వైపుదో స్లైడు అంచున రాసి తీరాలి, లేకపోతే అరగంటలో రెండూ కలిసిపోతాయి. పాలిష్ వాసన ఘాటుగా ఉంటుంది కాబట్టి ఈ పని గాలి ఆడే చోట, జనం రాకముందే చేసేయండి.

మైక్రోస్కోప్‌లో మొదట తక్కువ శక్తి లెన్స్‌తోనే చూడండి. అచ్చు అంచు కనిపించాక దాన్ని మధ్యకు తెచ్చి, ఆ తర్వాతే 400కి మార్చండి. ముక్కలు పేర్చినట్టున్న బాహ్యచర్మ కణాల మధ్య, చిక్కుడు గింజల్లాంటి రెండేసి రక్షక కణాలు ఎదురెదురుగా, వాటి నడుమ సన్నని చీలిక కనిపిస్తాయి. పత్రరంధ్రం అదే. కార్బన్ డయాక్సైడ్ లోపలికి పోయేదీ, నీటి ఆవిరి, ఆక్సిజన్ బయటికి వచ్చేదీ దాని గుండానే. చాలా చెట్ల ఆకుల్లో ఇవి అడుగువైపే ఎక్కువ. పైవైపు స్లైడులో కొద్దిగా కనిపిస్తాయి, లేదా అసలుండవు.

ఇక్కడితో ఆపేయకండి. పక్కనే కలువ ఆకు అచ్చు పెట్టండి. కలువ ఆకు నీళ్ల మీద తేలుతుంది కదా, దాని రంధ్రాలు పైవైపు ఉంటాయి. మొదటి స్లైడు చూసి "కిందే ఉంటాయన్నమాట" అని తేల్చేసుకున్న మనిషి రెండోది చూడగానే ఆగి ఆలోచిస్తారు. అప్పుడు మీరు ఏమీ చెప్పకండి. కొన్ని క్షణాల్లో ఎక్కువమంది కారణం తామే చెప్పేస్తారు.

వీలైతే సజీవ కణాలను కూడా చూపించండి. రియో అని పిలిచే ట్రాడెస్కాన్షియా స్పాథేసియా ఆకు అడుగు ఊదా రంగులో ఉంటుంది. ఆకును వాలుగా చించితే అంచున పలుచని ఊదా పొర వేలాడుతుంది. దాన్ని పట్టకారుతో తీసి నీటి చుక్కలో పెట్టి చూస్తే, ఊదా కణాల మధ్య రక్షక కణాలు ఆకుపచ్చగా కనిపిస్తాయి. దాని మీద కప్పిన పలుచని గాజు ముక్కకు (కవర్‌స్లిప్) ఒక పక్కన ఉప్పునీటి చుక్క వేసి, రెండో పక్కన టిష్యూ కాగితంతో నీరు పీలిస్తే, ఉప్పునీరు లోపలికి పాకి కొద్ది నిమిషాల్లో ఊదా రంగు గోడల నుంచి విడిపడి కుంచించుకుపోతుంది. నీరు కణం నుంచి బయటికి పోవడం ఇలా కళ్లెదుట చూసినవాళ్లకు ఆస్మాసిస్ గురించి వేరే చెప్పక్కర్లేదు.

ఒక పెద్ద చార్టు కూడా పెట్టండి. మైక్రోస్కోప్‌లో ఒకసారి కనిపించే వృత్తంలో ఎన్ని రంధ్రాలున్నాయో ప్రతి సందర్శకుడూ లెక్కపెట్టి, ఆ అంకె రాసిన స్టిక్కర్‌ను చార్టు మీద అతికించాలి. సాయంత్రానికి నిజమైన లెక్కలు పోగవుతాయి. ఒకే ఆకుకు ఒకరికి 31, ఇంకొకరికి 38 ఎందుకొచ్చాయన్న చర్చ దానంతట అదే మొదలవుతుంది. కొలతలో తేడాలు సహజమని, అందుకే శాస్త్రవేత్తలు పదే పదే లెక్కపెడతారని అప్పుడు చెబితే మాట నాటుకుంటుంది.

"ఇవి లెక్కపెట్టి ఏం చేస్తారు?" అని ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. ఆ ప్రశ్న కోసం ఎదురుచూడండి. ఇయాన్ వుడ్‌వర్డ్ అనే శాస్త్రవేత్త హెర్బేరియంలో దాచిన ఆకులు తీసి, అంతకుముందు 200 ఏళ్లలో సేకరించినవాటి పత్రరంధ్రాలు లెక్కపెట్టి, ఆ ఫలితాలను 1987లో ప్రచురించారు. సమశీతోష్ణ మండలపు ఎనిమిది రకాల చెట్ల ఆకుల్లో రంధ్రాల సాంద్రత దాదాపు 40 శాతం తగ్గింది. గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగే కొద్దీ ఆకుకు అన్ని రంధ్రాలు అవసరం లేకపోయింది. ఆ ఆకులు ఎండబెట్టి దాచినవాళ్లెవరికీ ఇలాంటి ప్రశ్న ఒకటి వస్తుందని తెలియదు. అయినా తేదీ, చోటు రాసి భద్రపరిచారు. బొటానికల్ గార్డెన్లు ఎందుకుండాలో చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ తెలియదు.

కదిలే మొక్కలు పెడితే

అత్తిపత్తి కుండీ పెడితే స్టాల్ ముందు గుంపు చేరడం ఖాయం. కానీ ముడుచుకున్న ఆకు మళ్లీ విప్పారడానికి పది, ఇరవై నిమిషాలు పడుతుంది. కుండీ ఒక్కటే ఉంటే మూడో పిల్లవాడికే ముడుచుకున్న ఆకులు తప్ప ఏమీ మిగలదు. కనీసం నాలుగైదు కుండీలు ఉంచుకుని వంతులవారీగా తిప్పండి. ఒకటి బయట ఉంటే మిగతావి టేబుల్ వెనక విశ్రాంతిగా ఉండాలి. ఒక్కొక్కరికి ఒక్క చిట్టి ఆకు మాత్రమే తాకే అవకాశమివ్వండి. కాడ మొదట్లో కొద్దిగా ఉబ్బిన భాగాన్ని చూపించి, అక్కడి కణాల నుంచి నీరు జారిపోవడం వల్లే ఆకు వాలిందని చెప్పండి.

పెద్దవాళ్లకు చెప్పడానికి ఇంకో సంగతి ఉంది. 1729లో ద మెరాన్ అనే ఫ్రెంచ్ శాస్త్రవేత్త అత్తిపత్తి మొక్కను చీకట్లో ఉంచారు. వెలుతురు లేకపోయినా పగటివేళకు ఆకులు తెరుచుకున్నాయి, రాత్రికి మూసుకున్నాయి. జీవుల లోపల ఒక గడియారం ఉందన్న ఆలోచనకు తొలి ఆధారాల్లో అదొకటి. ఆ తర్వాత జగదీశ్ చంద్ర బోస్ ఇదే మొక్కలో విద్యుత్ సంకేతాలను కొలిచి చూపించారు.

పురుగులను పట్టి తినే వీనస్ ఫ్లైట్రాప్ మొక్క విషయంలో మాత్రం గట్టిగా ఉండండి. దాని లోపలి సన్నని వెంట్రుకలను సుమారు 20 సెకన్ల లోపు రెండుసార్లు తాకితేనే ఉచ్చు మూసుకుంటుంది. రాలిపడిన ఆకుకో వాన చుక్కకో మోసపోకుండా మొక్క చేసుకున్న ఏర్పాటు అది. ఊరికే మూయించిన ప్రతిసారీ దాని శక్తి వృథా అవుతుంది, కొన్నిసార్లయ్యాక ఆ ఉచ్చు ఇక పనిచేయదు. రోజంతా వందల వేళ్లు తగిలితే మొక్క నిలవదు. గంటకోసారి మీరే ఒకసారి సన్నని పుల్లతో చూపిస్తానని బోర్డు మీద సమయాలు రాసి పెట్టండి. జనం ఆ సమయానికి వచ్చి నిలబడతారు.

సాయంత్రపు కార్యక్రమాలుంటే, తోటలో అమెజాన్ కలువ ఉంటే, దాని పువ్వు కోసం చోటు కేటాయించమని అడగండి. మొదటి సాయంత్రం తెల్లగా, వెచ్చగా, సువాసనతో విచ్చుకుంటుంది. దాని స్వస్థలంలో అయితే అప్పుడు వచ్చిన పేడపురుగుల జాతి కీటకాలను రాత్రంతా లోపలే బంధిస్తుంది. మర్నాటి సాయంత్రం గులాబీ రంగుకు మారి, పుప్పొడి పూసి వాటిని వదిలిపెడుతుంది. రెండు సాయంత్రాలూ రమ్మని సందర్శకులకు చెప్పండి. చాలామంది నిజంగానే మళ్లీ వస్తారు.

ఎలా మాట్లాడాలి

మీరు చెప్పాలనుకున్నది కాగితం మీద రాయండి. సగం కొట్టేయండి. మిగిలినదాన్ని మొక్కల గురించి ఏమీ తెలియని స్నేహితుడి ముందు చెప్పి, ఎక్కడ అతని చూపు పక్కకు పోయిందో గమనించండి. అక్కడ మీరు చెప్పడం ఎక్కువైంది, చూపించడం తక్కువైంది.

టేబుల్‌కు అడ్డంగా కాకుండా పక్కగా నిలబడండి. ఎదురుగా నిలబడితే ఏదో అమ్ముతున్నారనుకుని జనం దూరంగా జరుగుతారు. పిల్లలతో మాట్లాడేటప్పుడు కిందికి వంగి వాళ్ల కళ్లకు సమానంగా ఉండండి. ప్రశ్న పిల్లలను అడిగితే జవాబు తల్లిదండ్రులు చెప్పేస్తుంటారు. "మీ ఇద్దరి ఊహా వేరువేరుగా చెప్పండి, ఎవరిది నిజమో చూద్దాం" అంటే ఇద్దరూ ఉత్సాహంగా పాల్గొంటారు.

పెద్దవాళ్ల కోసం నా దగ్గర ఎప్పుడూ ఒక ప్రశ్న సిద్ధంగా ఉంటుంది: "ఇంత పెద్ద చెట్టుకు ఈ బరువంతా ఎక్కడి నుంచి వచ్చింది?" మట్టి నుంచి అంటారు చాలామంది. అప్పుడు వాన్ హెల్మాంట్ అనే పాతకాలపు శాస్త్రవేత్త చేసిన ప్రయోగం చెబుతాను. తూకం వేసిన మట్టిలో సుమారు 2 కిలోల విల్లో మొక్కను నాటి, ఐదేళ్లు నీళ్లు మాత్రమే పోశారు. చెట్టు దాదాపు 76 కిలోలైంది. మట్టి తగ్గింది 57 గ్రాములు. ఇదంతా నీటి నుంచే వచ్చిందని ఆయన తేల్చారు. ఆయన మరణానంతరం 1648లో అచ్చైన ఆ ప్రయోగం గొప్పదే గానీ, గాలి వాటా ఆయన లెక్కలోకి రాలేదు. చెట్టులోని కార్బన్ అంతా ఇందాక చూసిన ఆ చిన్న రంధ్రాల గుండా లోపలికి వచ్చిందేనని చెప్పినప్పుడు వాళ్లు తలెత్తి ఆ చెట్టును మళ్లీ చూస్తారు.

తెలియని ప్రశ్న వస్తే "నాకు తెలియదు, కనుక్కుందాం" అనండి. ఊహించి చెప్పకండి. మీ మెడలో తోట పేరుతో కార్డు ఉంది, మీరేం చెబితే అది తోట చెప్పినట్టే వాళ్లు నమ్ముతారు. ముఖ్యంగా "ఈ ఆకు ఏ జబ్బుకు పనిచేస్తుంది?" అన్న ప్రశ్నకు మందు సలహా అస్సలు ఇవ్వకండి. ఏ మొక్క మీద ఎలాంటి పరిశోధన జరిగిందో చెప్పొచ్చు, ఎంత మోతాదులో తాగాలో చెప్పకూడదు.

భద్రత

విషపు మొక్కలను ప్రదర్శనలో ముట్టుకునేలా పెట్టకండి. గన్నేరు, ఉమ్మెత్త, ఆముదపు గింజలు, గురివింద గింజలు అందంగా ఉంటాయి, పిల్లల చేతులు ముందు వాటి మీదికే పోతాయి. చూపించాల్సి వస్తే మూత బిగించిన గాజు సీసాలో ఉంచండి. వాసన చూడడానికీ తాకి చూడడానికీ ఉంచే ఆకుల జాబితాను తోటమాలికి చూపించి ఒప్పించుకోండి. ఎలర్జీలు ఉన్నాయా అని ముందే అడగండి. చూపు లేనివాళ్లు వచ్చినప్పుడు ఈ ఆకుల పళ్లెమే మీ అసలు ప్రదర్శన అవుతుంది కాబట్టి దాన్ని ఉత్తిగా కాకుండా ఆలోచించి కూర్చండి: నున్ననిది, గరుకుది, మైనం పూసినట్టున్నది, నలిపితే ఘాటుగా ఉండేది.

అద్దంతో వెలుతురు పట్టే మైక్రోస్కోప్ అయితే ఆ అద్దాన్ని ఎప్పుడూ నేరుగా సూర్యుడి వైపు తిప్పకండి, కన్ను దెబ్బతింటుంది. నీడలో పెట్టి ఆకాశపు వెలుతురు వాడండి, లేదా బల్బు ఉన్నది తీసుకోండి. ఆకుల రంగులు విడదీసే క్రోమటోగ్రఫీ చేస్తే అసిటోన్, స్పిరిట్ వంటివి చప్పున అంటుకుంటాయి. ఎండలో ఉంచకండి, పిల్లలకు అందనివ్వకండి.

పిల్లలతో ఒంటరిగా, ఎవరికీ కనిపించని చోట ఉండకండి. తల్లిదండ్రుల అనుమతి లేకుండా వాళ్ల ఫొటో తీయకండి. తప్పిపోయిన పిల్లలు కనిపిస్తే చెయ్యిపట్టుకుని వెతుక్కుంటూ తిరగకుండా, అక్కడే ఉండి ఇంకో వాలంటీర్ చేత కార్యాలయానికి కబురు పంపండి. ప్రథమ చికిత్స పెట్టె ఎక్కడుందో, అందులో తేనెటీగ కుట్టినప్పుడు వాడేవి ఉన్నాయో లేదో ముందురోజే చూసుకోండి.

ఆ రోజు

గంటన్నర ముందు చేరుకోండి. గాలికి కాగితాలన్నీ ఎగిరిపోతాయి కాబట్టి బరువుకు నున్నని రాళ్లు దగ్గర పెట్టుకోండి. సూర్యుడు జరిగే కొద్దీ నీడ ఎటు పోతుందో మీకు ముందే తెలుసు, టేబుల్‌ను దానికి తగ్గట్టు వేయండి. తెర ఉన్న పరికరాలు ఎండలో అసలు కనిపించవు. పొట్టి పిల్లల కోసం కదలని స్టూలు ఒకటి, చక్రాల కుర్చీలో వచ్చేవాళ్లకు అందేలా తక్కువ ఎత్తు టేబుల్ ఒకటి ఉండాలి.

మైక్రోస్కోప్‌లోకి చూసిన చిన్నపిల్లలు చాలాసార్లు "నల్ల గీతలు కనిపిస్తున్నాయి" అంటారు. అవి వాళ్ల కనురెప్పల వెంట్రుకలే. కొంచెం వెనక్కి జరగమనండి, రెండో కన్ను మూయొద్దనండి. ఫోకస్ చక్రం మీద వాళ్ల చెయ్యి పెట్టి నెమ్మదిగా తిప్పించండి. బొమ్మ స్పష్టమైన క్షణాన వాళ్లే మీకు చెబుతారు. అంతకుముందే "కనిపించిందా? కనిపించిందా?" అని తొందరపెడితే చూడకుండానే తల ఊపేసి పోతారు. వరస పొడవైతే ఫోన్‌ను కంటి కటకం దగ్గర పెట్టి తెర మీద చూపించొచ్చు. స్టాన్‌ఫర్డ్‌లో మను ప్రకాశ్ బృందం తయారుచేసిన ఫోల్డ్‌స్కోప్ అనే కాగితపు మైక్రోస్కోప్ 140 రెట్లు పెద్దది చేస్తుంది. అలాంటివి నాలుగు వరసలో ఉన్నవాళ్ల చేతికిస్తే ఎదురుచూసే సమయం కూడా చూసే సమయం అవుతుంది.

మీ గొంతు, కాళ్లు అలసిపోతాయి. గంటన్నరకోసారి మార్పిడి పెట్టుకోండి, నీళ్లు తాగండి, నీడలో కూర్చోండి. అలసిన ఇంటర్న్ కంఠస్థం చేసిన మాటలు అప్పజెప్పడం మొదలుపెడతారు, అది సందర్శకులకు వెంటనే తెలిసిపోతుంది.

అయిపోయాక

ఆ సాయంత్రమే కుండీలు గాజు గృహానికి చేర్చి నీళ్లు పోయండి. స్లైడ్లు లెక్కపెట్టండి, గాజు ముక్కలు గడ్డిలో మిగలకుండా వెతకండి. పునర్వినియోగానికి పనికొచ్చేవి వేరు చేయండి. జవాబు తెలియక రాసి ఉంచుకున్న ప్రశ్నలను పరిశోధకుల దగ్గరికి తీసుకెళ్లండి. వాళ్లు ఆ జాబితాను ఎంత ఇష్టంగా చదువుతారో మీరే చూస్తారు.

తర్వాతి ఏడాది వచ్చే ఇంటర్న్ కోసం రెండు పేజీలు రాసి పెట్టండి. ఏ ఆకు అచ్చు బాగా వచ్చింది, ఏది రాలేదు, ఎన్ని స్లైడ్లు ఖర్చయ్యాయి, ఏ వేళకు వరస పెరిగింది, ఏ ప్రశ్నకు జనం ఆగారు, ఏ ప్రశ్నకు ఆగలేదు. స్టిక్కర్ల చార్టును ఫొటో తీసి దానికి జతచేయండి. సిఫారసు లేఖ కావాలంటే వారం లోపే అడగండి. మీరు తయారుచేసిన ప్రదర్శన పేరు, శిక్షణ ఇచ్చిన వాలంటీర్ల సంఖ్య, పనిచేసిన తేదీలు ఒక కాగితం మీద రాసి మీ అధికారికి ఇస్తే, ఆ లేఖలో పొగడ్తలకు బదులు మీరు చేసిన పని ఉంటుంది.